నీటికి చోటు

మోచేతుల దాకా బురదతో విల్లమీన్ బడి వెనక సాయబానులో వంగి మట్టి పిసుకుతోంది. కరకట్ట అవతల, పోటు దిగిపోయాక బయటపడే ఒండ్రు అది. రాత్రి చలికి బిగుసుకుపోయింది. గుప్పెడు తీసుకుని గోరువెచ్చని నీళ్ళు చిలకరిస్తుంది, ఒంట్లో బలమంతా అరచేతుల్లోకి తెచ్చుకుని నొక్కుతుంది, చేతికి తగిలిన గుల్లపెంకుల్ని ఏరి గట్టు మీద పెడుతుంది. ఏటా మార్చిలో, భూగోళం కొత్త పాఠం మొదలుపెట్టే రోజు పొద్దున్నే ఆమెకి ఇదే పని. కొట్లో దొరికే రంగుల బంకమట్టి తెచ్చుకోవచ్చు కదా అని తోటి టీచర్లు ఏటా అంటూనే ఉంటారు. అది నీళ్ళలో కరగదని ఆమె ఏటా చెబుతూనే ఉంటుంది. కరగని ఇంటిని చూసి పిల్లలు ఏం నేర్చుకుంటారని ఆమె వాదన.

మనిషి పొడుగు. అరవై దాటింది. సముద్రపు గాలికి ఎదురుగా సైకిల్ తొక్కీ తొక్కీ భుజాలు ముందుకి వాలిపోయాయి. గాలి లేని రోజున కూడా గాలి ఉన్నట్టే నడుస్తుంది. నెరిసిన జుట్టు తనే కత్తిరించుకుంటుంది, ఆ సంగతి చూడగానే తెలిసిపోతుంది. కోటు జేబుల్లో సుద్దముక్కలు, పిల్లల దగ్గర లాక్కున్న గోళీలు, ఎవరివో ఊడిన బొత్తాలు ఎప్పుడూ గలగలమంటుంటాయి. వాటిని ఏరి పారేయాలని ఆమెకి ఏనాడూ తోచలేదు.

ఆమెది ఈ తీరం కాదు. దేశానికి అటు చివర, డ్రెంతె మెరక నేలల్లో పుట్టింది. ఉద్యోగం వచ్చి మా జేలండ్ తీరంలో దిగినప్పుడు ఇరవై రెండేళ్ళ పిల్ల. ఆ తరవాత ఈ ఊళ్ళో తండ్రులకి చదువు చెప్పింది, ఆ తండ్రుల పిల్లలకీ చెబుతోంది. అయినా రొట్టెల కొట్లో ఆమె మాట వస్తే ఇప్పటికీ "ఆ దిగుమతి టీచర్" అనే అంటారు. బయటినుంచి వచ్చినవాళ్ళని దిగుమతి అనడం మా వైపు అలవాటు. తిట్టు కాదు, ముద్దూ కాదు, ఊరికే అలా అంటారు. ఆమె కూడా నవ్వేస్తుంది. నవ్వేసినంత మాత్రాన గుచ్చుకోదని కాదు.

మట్టి పిసుకుతోంది గానీ ఇవాళ ఆమె మనసు కుదురుగా లేదు. ఇన్నేళ్ళూ ఆమె చెప్పిన పాఠం ఒకటే: నీళ్ళు అటు, మనుషులు ఇటు, మధ్యలో కరకట్ట. ఈ ఏడు పుస్తకం మారింది. కొత్త పాఠం పేరు 'నీటికి చోటు'. సముద్రం పెరుగుతోంది, కట్టల ఎత్తు పెంచుకుంటూ పోతే ఇక కుదరదు, కొన్నిచోట్ల కట్ట తెంచి పల్లపు నేలల్ని మళ్ళీ నీళ్ళకి వదిలేయాలి. ఎక్కడ వదలాలో పిల్లలే ఊరి నమూనా కట్టి, సభ పెట్టుకుని తేల్చాలి. అలా ఉంది అందులో. పాఠంలో తప్పేమీ లేదు. చిక్కంతా యన్నాతోనే వచ్చింది.

తొమ్మిదేళ్ళ యన్నా పొప్పె వాళ్ళది యోబ్ పల్లం. ఊరికి పడమటి వైపు, కట్ట కింద ఉన్న పొలాలకి ఆ పేరు. వాటి మధ్య ఒకే ఒక్క రైతు ఇల్లు. ఏళ్ళ తరబడి కాఫీలు తాగుతూ సభల మీద సభలు పెట్టి, ఆ పల్లాన్ని కట్ట అవతల సముద్రంలో కలిసే ఏటికి తిరిగి ఇచ్చేయాలని పెద్దలు తీర్మానించారు. వచ్చే శరత్కాలంలో కట్ట తెంచుతారు. యన్నాని ఎదురుగా కూచోబెట్టుకుని, ఎవరి ఇల్లు ముంచుదామని యన్నా స్నేహితులనే అడగాలి. అడిగి, ఆ పిల్ల మనసు విరగకుండా సాయంత్రానికి ఇంటికి పంపాలి. ఎలాగో విల్లమీన్‌కి తెలియడం లేదు.

ఆమె దిగులుకి ఇంకో కారణం కూడా ఉంది, ఎవరికీ చెప్పుకోనిది. ఈ ఊరు వచ్చిన కొత్తలో నాలుగేళ్ళపాటు ఆ ఇంట్లోనే, మేడగదిలో, అద్దెకుంది. వచ్చిన మొదటి రాత్రి వంటింట్లో బల్ల దగ్గర కూచుని, "సముద్రం కంటే కిందన ఉంటున్నారే, భయం వెయ్యదా అండీ?" అని అడిగింది. ఇంటావిడ యకోమీన జవాబు చెప్పలేదు. గట్టిగా ఉడికిన మజ్జిగ జావ కంచంలో వేసి, గరిటె వెనక వైపుతో మధ్యలో గుంట చేసి, అంచు చుట్టూ నల్లటి పాకం పోసింది. "ఈ గుంట మనం. ఆ పాకం సముద్రం. ఈ గోడ మా ఆయన చూసుకుంటాడు. నువ్వు తిను" అంది. విల్లమీన్ పాఠం పుట్టింది ఆ కంచంలోనే. యకోమీన పోయి చాలా కాలమైంది. అప్పుడు ఉయ్యాల్లో ఉన్న ఆవిడ కొడుకు ఆద్రీయే ఇప్పుడు యన్నా తండ్రి. టీచరమ్మ ఒకప్పుడు ఆ ఇంట్లో ఉండేదన్న సంగతి ఇంకెవరికి గుర్తుంటుందిలే అని ఆమె అనుకుంటుంది.

తల ఊపుకుంటూ హెడ్మాస్టరు ఫ్లోరిస్ సాయబానులోకి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు, మంచివాడు, ఎవరినీ నొప్పించడం చేతకాదు.

"విల్లమీన్ గారూ, రాత్రంతా ఇదే ఆలోచన. ఆ పిల్లని ఓ గంటసేపు చిన్నపిల్లల క్లాసుకి పంపేద్దామా? కథలు చదివి వినిపిస్తుంది. బాగా చదువుతుంది కూడా."

"పంపాక?"

"పంపాక ఏముంది, ఇక్కడ పాఠం అయిపోతుంది."

"తిరిగొచ్చి ఊరి నమూనా కట్టిన తొట్టి చూస్తుంది కదా ఫ్లోరిస్. వాళ్ళ ఇంటి మీద నీళ్ళుంటాయి. తను లేనప్పుడు పోశామని తెలుస్తుంది."

ఫ్లోరిస్ బుర్ర గోక్కున్నాడు. చివరికి ఆ పిల్లనే అడిగి చూద్దామనుకున్నారు. మా దేశంలో ఎంతటి చిక్కైనా అక్కడికే వస్తుంది, ఎవరినో ఒకరిని అడిగి చూద్దామని.

కోట్లు తగిలించే కొక్కేల దగ్గర విల్లమీన్ యన్నాని పక్కకి పిలిచింది. బొద్దుగా, చెంపలు ఎర్రగా, ఎప్పుడూ తెల్లబోయినట్టుండే కనుబొమ్మలతో ఉంటుందా పిల్ల. విషయం చెబుతుంటే చేతి తొడుగులు విప్పి, ఒకదాన్లో ఒకటి దోపి, కోటు జేబులో కుక్కింది.

"వద్దు టీచర్. మా ఇంటి గురించి మాట్లాడుకుంటుంటే నేను లేకపోతే ఎలా?"

"బాధ వేస్తే?"

"వేస్తుంది. అయినా ఉంటా."

ఇక ఆ మాటకి తిరుగులేదు. విల్లమీన్ మట్టి బకెట్టు ఎత్తుకుని క్లాసులోకి నడిచింది.

గది మధ్యలో బల్లలు జరిపి పొడవాటి రేకు తొట్టి పెట్టారు. అడుగున ఇసక. విల్లమీన్ ఒక ఉపాయం పన్నింది: మా ఊరిలా కాకుండా ఏదో తెలియని లంకలా ఇసక సర్దింది, గుట్టని తూర్పుకి మార్చింది, వాగుని వంకర తిప్పింది. పిల్లలు తమకి నచ్చినచోట మట్టి ఇళ్ళు కట్టుకుంటారు, యోబ్ పల్లం ఊసే రాదు. బాగానే ఉందనుకుంది. కానీ ఆ పిల్లలకి ఈ తొట్టి కొత్త కాదు. అన్నలూ అక్కలూ, కొందరికైతే అమ్మానాన్నలూ, దీని కథలు చెప్పి చెప్పి ఉన్నారు. రీనస్ అనే పిల్లాడు తొట్టిలోకి తొంగి చూసి, "టీచర్, గుట్ట తప్పుగా పెట్టారు" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే ఫెన్నా అనే పిల్ల దాన్ని పడమరకి జరిపింది. ఇంకెవరో వాగుని తిన్నగా చేశారు. చూస్తుండగానే తొట్టిలో చర్చి, బడి, రొట్టెల కొట్టు, పడమటి కట్ట, కట్ట కింద ఖాళీ పల్లం, ఎక్కడివక్కడ వచ్చి కూచున్నాయి. చేసేది లేక విల్లమీన్ వాళ్ళ చేతుల్లో మట్టి పెట్టింది.

యన్నా తన ఇల్లు అందరికంటే నిదానంగా కట్టింది. నాలుక కొస బయటపెట్టి, అగ్గిపుల్లతో కిటికీలు గీసి, పశువుల కొట్టం వేరే అతికి, దాన్ని రెండు చేతులా తీసుకెళ్ళి పల్లం మధ్యలో పెట్టింది.

తరవాత చీట్లు. సభలో ఎవరెవరు ఎవరి తరఫున మాట్లాడాలో రాసిన చీట్లని విల్లమీన్ ఉన్ని టోపీలో కలిపింది. ఒకరికి రైతు, ఒకరికి చేపలవాడు, ఒకరికి ఓడ కెప్టెను. రీనస్‌కి తెడ్డుమూతి కొంగ. యన్నా చీటీ విప్పి చూసుకుని టీచరుకి చూపించింది: కట్టల పెద్ద. సభ నడపాల్సింది ఆమె, ఆఖరి మాట చెప్పాల్సిందీ ఆమె. విల్లమీన్ టోపీ మళ్ళీ ముందుకి చాపింది.

"కావాలంటే మార్చుకోవచ్చు తల్లీ."

"చీటీ చీటీయే కదా టీచర్" అని యన్నా కుర్చీ ముందుకి లాక్కుని కూచుంది. "సభ మొదలు. ముందు బిస్కెట్లు."

తలా ఒక బిస్కెట్టు ఇచ్చి విల్లమీన్ డబ్బా మూత పెట్టేసింది. మా ఇళ్ళలోనూ, పెద్దల సభల్లోనూ అంతే. రెండోది అడిగేవాడు ఇంకా పుట్టలేదు.

ఓడ కెప్టెను ఏరు లోతుగా ఉండాలన్నాడు. చేపలవాడు రొయ్యలు తగ్గిపోయాయని ఏడ్చాడు. రీనస్ వంతు రాగానే కుర్చీ ఎక్కి, ఒంటికాలి మీద నిలబడి, చేతులు రెక్కల్లా ఆడించాడు.

"నేను కొంగని. నాకు బురద కావాలి, బోలెడు బురద! ఎవరి పొలమైతే నాకేంటి? కట్ట తెంచండి, ముంచెయ్యండి!"

పిల్లలు పడీ పడీ నవ్వారు. వాడూ నవ్వుతూ యన్నా వైపు చూశాడు. ఆమె నవ్వడం లేదు. వాడు మెల్లగా రెండో కాలు కిందికి దించాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేను... మీ పొలం అనలేదు" అన్నాడు.

"మాదే కదా మరి" అంది యన్నా. "పల్లం అదొక్కటే."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. విల్లమీన్ లేవబోయి, ఆ పిల్ల ముఖం చూసి, మళ్ళీ కూచుంది. కట్టల పెద్ద ఉన్న సభలో టీచరుకి మాట లేదు. ఆ నియమం తను పెట్టిందే.

"తరవాత ఎవరు?" అంది యన్నా.

ఫెన్నా చెయ్యెత్తింది. "మా పెరట్లో ఖాళీ ఉంది. వీళ్ళ ఇల్లు అక్కడ పెట్టుకోవచ్చు." రొట్టెల కొట్టువాళ్ళ అబ్బాయి ఆవుల్ని తమ గరాజులో కట్టేసుకోమన్నాడు. కెప్టెను తన ఓడ ఇంకో ఏట్లో నడుపుకుంటానన్నాడు. రీనస్ తల దించుకుని, "కొంగ ఎగిరిపోతుంది. దానికి రెక్కలున్నాయి" అన్నాడు. చుట్టూ అడుగుతూ వచ్చారు, ఎవరూ కాదనలేదు. కట్ట తెంచొద్దు. ఒక్క ముఖమూ ముడుచుకోకుండా సభ ముగిసింది. మా పెద్దల సభల్లో అలా జరగడం ఎవరూ చూసి ఉండరు.

పిల్లలు సంబరంగా చప్పట్లు కొడుతుంటే విల్లమీన్ తొట్టి వైపు చూసింది. సభ తరవాత నీళ్ళు పొయ్యాలి. మొక్కలకి పోసే డబ్బాడు నీళ్ళు సముద్రం వైపు పోస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. నీటికి ఎక్కడా చోటు లేకపోతే అది కట్ట పొడవునా పొర్లుతుంది. చర్చి, బడి, ఫెన్నా పెరడు, రొట్టెల కొట్టు, అన్నీ కరిగిపోతాయి. యన్నా ఇంటిని ఉంచినందుకే మనందరి ఇళ్ళూ పోయాయని ఆ పసివాళ్ళు కళ్ళారా చూస్తారు. అంతకంటే పాపం ఇంకోటి ఉండదనిపించింది. కొళాయి దగ్గరికి వెళ్ళి డబ్బా సగమే పట్టింది. ఇన్నేళ్ళలో నీళ్ళ దగ్గర ఆమె ఎప్పుడూ దొంగలెక్క చెయ్యలేదు. ఇవాళ చేసింది, సిగ్గుపడకుండా చేసింది.

డబ్బా తెచ్చి తొట్టి మీద వంచబోతుంటే యన్నా అడ్డం వచ్చింది. అడుగున చెయ్యి పెట్టి బరువు చూసింది.

"సగమే ఉన్నాయి టీచర్."

"సరిపోతాయిలేమ్మా."

"సరిపోవు. పోటు సగం రాదు కదా. నిండా పట్టండి."

విల్లమీన్ ఆ పిల్ల కళ్ళలోకి చూసింది. యకోమీన కళ్ళే, జావ కంచం ముందు పెట్టి తినమన్నప్పటివి. మళ్ళీ కొళాయి దగ్గరికి వెళ్ళి నిండా పట్టుకొచ్చింది.

యన్నా తొట్టి మీదికి వంగి, పల్లంలోంచి తన మట్టి ఇంటిని రెండు చేతులా ఎత్తింది. "నేను కట్టల పెద్దని. ఆఖరి మాట నాది" అంది. "ముందు ఇల్లు ఖాళీ చెయ్యాలి. మేం అలాగే చేస్తున్నాం. కింద వంటిల్లు సర్దేశాం, కొట్టం సర్దేశాం. పైన టీచర్ గది ఒక్కటే మిగిలింది."

"ఏం గది?" అన్నాడు రీనస్.

"టీచర్ గది. ఇదిగో, ఈ కిటికీ." మట్టి ఇంటి పై అంతస్తులో అగ్గిపుల్లతో గీసిన చిన్న చతురస్రాన్ని చూపించింది. "మా నాన్న చిన్నప్పుడు అందులోనే పడుకునేవాడు, ఇప్పుడు నేను పడుకుంటున్నా. కానీ దాని పేరు టీచర్ గదే. 'టీచర్ గదిలో దుప్పటి తీసుకురా' అంటారు మా ఇంట్లో. మీరు ఉన్నారట కదా టీచర్, అందుకని."

విల్లమీన్ ఆ కిటికీ గీతల మీదికి వంగింది. ఊరంతా దిగుమతి అంటుంటే ఇన్నేళ్ళుగా ఒక ఇంట్లో, పొద్దున లేచి రాత్రి పడుకునే దాకా, ఎవరో ఒకరు తన పేరున ఉన్న గదిలోకి ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. ఆ సంగతి తనకి తెలియనే లేదు. తెలిసిన రోజునే ఆ గది పోతోంది. ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. బురద చేత్తోనే కళ్ళు తుడుచుకుంది, చెంప మీద మట్టి మరక పడింది.

"ఉన్నానమ్మా. కిటికీలోంచి కట్ట మీద గొర్రెలు కనపడేవి."

"ఇప్పుడూ కనపడతాయి" అంది యన్నా. మట్టి ఇంటిని క్లాసు కిటికీ గట్టు మీద జాగ్రత్తగా పెట్టి వచ్చి, బొటనవేలితో పడమటి కట్టకి గండి కొట్టింది. "పొయ్యండి టీచర్."

విల్లమీన్ పోసింది. నీళ్ళు కట్టని తోసి, గండి వెతుక్కుని, ఖాళీ పల్లంలోకి నెమ్మదిగా పాకాయి. అక్కడ పరుచుకుని ఆగాయి. ఒక చుక్క కూడా ఊళ్ళోకి రాలేదు. డబ్బా ఖాళీ అయింది. పిల్లలెవరూ చప్పట్లు కొట్టలేదు. ఫెన్నా యన్నా చెయ్యి పట్టుకుంది.

"చూశారా? మీ ఇళ్ళు తడవలేదు" అంది యన్నా. ఆ మాటలో కొంచెం గర్వం ఉంది. రీనస్ వంగి తొట్టిలో తేలుతున్న పుల్లముక్కని తీసేసి, "థాంక్స్" అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా.

బడి వదిలేవేళకి ఆద్రీ వ్యాను వెనక బండి తగిలించుకుని గేటు దగ్గర ఆగాడు. నలభై ఏళ్ళ మనిషి, దూలంలాంటి చేతులు, టీచరు కనపడగానే ఇప్పటికీ టోపీ తీసేస్తాడు. బండి నిండా కుర్చీలు, పరుపులు, తిరగేసిన బల్ల, తాళ్ళతో కట్టి ఉన్నాయి.

"ఏరా ఆద్రీ, ఇవన్నీ ఎక్కడికి?"

"అదేంటి టీచర్, పిల్ల చెప్పలేదా? రేపు తెల్లారే వెళ్ళిపోతున్నాం. వేసవి దాకా ఉందామనే అనుకున్నాం గానీ, కొత్త పొలంలో బంగాళాదుంపల విత్తు పెట్టే అదను దాటిపోతుంది."

విల్లమీన్ యన్నా వైపు తిరిగింది. ఆ పిల్ల బూట్ల ముక్కులు చూసుకుంటోంది.

"చెబితే మీరు పాఠం ఆపేసేవారు" అంది.

ఆపేసేదే. విల్లమీన్ ఆ పిల్లని దగ్గరికి తీసుకుని కోటులో పొదువుకుంది. జేబులో గోళీలు ఒరుసుకుని చప్పుడు చేశాయి. ఎంతసేపటికీ వదలకపోతే ఆద్రీయే గొంతు సవరించుకున్నాడు.

"ఎక్కడరా కొత్త పొలం?"

"తూర్పున టీచర్. మీ డ్రెంతెలోనే. మెరక నేల. ఎంత తవ్వినా నీళ్ళు కనపడవంట." నవ్వబోయి నవ్వలేకపోయాడు. "అక్కడ మమ్మల్ని ఏమంటారో?"

"దిగుమతి అంటారు. ఇంకేమంటార్రా" అంది విల్లమీన్. ఇద్దరూ నవ్వారు, ఇద్దరి కళ్ళూ చెమ్మగిల్లాయి.

"మా అమ్మ ఉంటే మిమ్మల్ని భోజనానికి రమ్మనేది" అన్నాడు ఆద్రీ. "ఇప్పుడు అక్కడ పొయ్యి కూడా లేదు." తరవాత తాళ్ళు సడలించి బండిలోంచి ఒక తలుపు దింపాడు. పాత కర్ర తలుపు, ఆకుపచ్చ రంగు, అక్కడక్కడ పెచ్చులూడింది. "మీ గదిది. రాత్రి తలుపులు ఊడబీకుతామంటే యన్నా ఇది మీకివ్వాలని పట్టుబట్టింది."

"దీన్ని నేనేం చేసుకోను రా?"

"నాకూ తెలీదు టీచర్. కొత్తింట్లో తలుపులకి లోటు లేదు. నీళ్ళకి వదిలెయ్యడానికి మనసొప్పలేదు."

దాన్ని సైకిళ్ళు నిలిపే చోట గోడకి ఆనించాడు. యన్నా వ్యాను ఎక్కి, అద్దం దించి, చెయ్యి ఊపలేదు, తలొక్కటే ఊపింది. కట్ట మీది దారి మలుపు తిరిగేదాకా బండి వెనక కుర్చీల కాళ్ళు కనపడుతూనే ఉన్నాయి. విల్లమీన్ లోపలికి వెళ్ళి తొట్టిలో నీళ్ళు తోడిపోసింది, బల్లలు యథాస్థానంలో పెట్టింది, దీపాలు ఆర్పింది.

బయట ఆ ఆకుపచ్చ తలుపు గోడకి ఆనుకుని ఒక్కటే నిలబడి ఉంది. గాలి వీచినప్పుడల్లా దాని ఇనుప గడియ లేచి, టకటకమని, మళ్ళీ పడుతోంది.